రేడియాలజీ ఇన్‌చార్జ్ పోస్టుకు ఏ అర్హతలు చూస్తారు?

మీ ప్రశ్న సారాంశం ఇదీ. ఇంటర్ బైపీసీ తర్వాత డీఎంఐటీ, అంటే మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీలో డిప్లొమా చేశారు. విజయవాడ దగ్గర ఒక మూడొందల పడకల ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నారు. ముందు ఎక్స్‌రే, తర్వాత సీటీ, ఇప్పుడు ఎంఆర్‌ఐ. మీ ఇన్‌చార్జ్ గారు రిటైర్ అవుతున్నారు. ఆ పోస్టుకు మీరూ, మీ తర్వాత నాలుగేళ్లకు చేరిన బీఎస్సీ కుర్రాడూ పోటీలో ఉన్నారు. హెచ్‌ఆర్ వాళ్లు "మీకు డిగ్రీ ఉండుంటే బాగుండేది" అన్నారు. దూరవిద్యలో బీఎస్సీ కట్టాలా, ఎమ్మెస్సీ దాకా పోవాలా, అసలు ఈ పోస్టుకు ఏం చూస్తారు అని అడిగారు.

నేను హైదరాబాద్‌లో చీఫ్ టెక్నాలజిస్టుగా చాలా ఏళ్లుగా ఉన్నాను. ఇన్‌చార్జ్ పోస్టుల ఇంటర్వ్యూలలో టేబుల్‌కి అవతలి వైపు కూర్చోవడం అలవాటైపోయింది. ముందే తేల్చి చెప్పేస్తాను. డీఎంఐటీతో ఇన్‌చార్జ్ కావచ్చు, నాకు తెలిసిన మంచి ఇన్‌చార్జుల్లో చాలామంది డిప్లొమా వాళ్లే. దూరవిద్య బీఎస్సీకి మాత్రం ఒక్క రూపాయి కూడా కట్టకండి. స్కాన్లు బాగా తీస్తారు కాబట్టి పోస్టు మీకే వస్తుందని అనుకుంటుంటే అది కూడా మానుకోండి. ప్యానెల్‌లో ఎవరూ మిమ్మల్ని స్కాన్ తీసి చూపించమని అడగరు. మీరు కన్సోల్ దగ్గర లేనప్పుడు డిపార్ట్‌మెంట్ ఎలా నడుస్తుందో అడుగుతారు.

ముందు కాగితాల సంగతి. మన రెండు రాష్ట్రాల్లో ఈ పనిలోకి వచ్చిన దారులు మూడు నాలుగు ఉన్నాయి. పాతవాళ్లది సీఆర్‌ఏ, అంటే సర్టిఫైడ్ రేడియోలాజికల్ అసిస్టెంట్ కోర్సు. తర్వాతి తరానిది పారామెడికల్ బోర్డు కింద నడిచే రెండేళ్ల డీఎంఐటీ. ఇప్పుడు వస్తున్న పిల్లలు నిమ్స్‌లోనో, వరంగల్ కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఉన్న కాలేజీల్లోనో బీఎస్సీ చేసి వస్తున్నారు. ప్రైవేటు ఆసుపత్రుల ప్రకటనల్లో సాధారణంగా "బీఎస్సీ అయితే ఐదేళ్లు, డిప్లొమా అయితే ఎనిమిది నుంచి పదేళ్లు, సీటీ, ఎంఆర్‌ఐ రెండూ వచ్చి ఉండాలి" అన్న ధోరణిలో రాస్తారు. అంటే డిగ్రీ లేని లోటును అనుభవం పూడుస్తుంది. మీ తొమ్మిదేళ్లు అక్కడ సరిపోతాయి. ప్రభుత్వాసుపత్రి, ఎయిమ్స్ లాంటి చోట్ల మాత్రం లెక్క వేరు. అక్కడ నియామక నిబంధనల్లో ఏ చదువు రాసి ఉంటే అదే ఉండాలి, సీనియారిటీ జాబితాలో ఎక్కడున్నారో చూస్తారు, ప్యానెల్ మనసు మారడానికి పెద్దగా చోటుండదు. మీది ప్రైవేటు కాబట్టి ఆ గొడవ వదిలేద్దాం.

2021లో వచ్చిన నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం గురించి మీరు అడగలేదు కానీ తెలుసుకోవాలి. రేడియాలజీ, ఇమేజింగ్ వాళ్లను ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించిన చట్టం ఇది. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటల చదువు, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటల డిగ్రీ అని అందులో ఉంది. డిప్లొమాకీ డిగ్రీకీ మధ్య గీత ఇప్పుడు చట్టంలోనే కనిపిస్తోంది. హెచ్‌ఆర్ వాళ్లు డిగ్రీ మాట ఎత్తడానికి ఇది కూడా ఒక కారణం. అందుకని కంగారు పడాల్సిన పనేమీ లేదు. మీ పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ గడువు దాటిందేమో చూసుకోండి, రాష్ట్ర కౌన్సిల్ నమోదు ఎప్పుడు పిలిచినా ఆలస్యం చేయకుండా వెళ్లండి. ఇంటర్వ్యూకి వచ్చి "రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోలేదు సార్" అని చెప్పే సీనియర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తన కాగితాలే చూసుకోని మనిషి డిపార్ట్‌మెంట్ లైసెన్సుల గడువులేం చూస్తాడు?

దూరవిద్య వద్దన్నది ఎందుకంటే, ఈ చట్టం కిందకు వచ్చే కోర్సులను దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని యూజీసీ 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి ఆపేసింది. ఇంకా ఎవరైనా "వారాంతం క్లాసులు, ఇంట్లో కూర్చుని బీఎస్సీ రేడియాలజీ" అని ఫోన్ చేస్తే పెట్టేయండి. కొన్నిచోట్ల డిప్లొమా వాళ్లకు రెగ్యులర్ బీఎస్సీలో నేరుగా రెండో ఏడాదిలో చేరే వీలుంది. అది మంచిదే, కానీ ఉద్యోగం వదలాలి. ఈ ఒక్క పోస్టు కోసమైతే వదలమని నేను చెప్పను. ఎమ్మెస్సీ అంటారా, కాలేజీలో పాఠాలు చెప్పాలనుకునేవాళ్లకు అది బాగా పనికొస్తుంది. కార్పొరేట్ ఆసుపత్రుల్లో రేడియాలజీ మేనేజర్ అనే ఇంకో పోస్టు ఉంటుంది. దానికి ఎంహెచ్‌ఏ (ఆసుపత్రి నిర్వహణలో మాస్టర్స్), ఎంబీఏ వాళ్లను తీసుకుంటారు. బిల్లింగు, మార్కెటింగు, టార్గెట్లు అతని పని. మీరు అడుగుతున్న చీఫ్ టెక్నాలజిస్టు కుర్చీ అది కాదు, రెండూ కలిపేసుకుని అనవసరంగా టెన్షన్ పడకండి.

ఇక మీకు నిజంగా బలం ఇచ్చే అర్హత దగ్గరికి వద్దాం. ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి వ్యవహారం. 2004 రేడియేషన్ ప్రొటెక్షన్ రూల్స్, 2016లో సవరించిన ఏఈఆర్‌బీ సేఫ్టీ కోడ్ ప్రకారం ఎక్స్‌రే కిరణాలు వాడే ప్రతి యంత్రమూ ఏఈఆర్‌బీ వాళ్ల ఈ-లోరా అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఉండాలి. సీటీకీ క్యాథ్‌ల్యాబ్‌కీ లైసెన్సు కావాలి. మామూలు ఎక్స్‌రే, మామోగ్రఫీ, ఫ్లోరోస్కోపీ లాంటివాటికి రిజిస్ట్రేషన్ కావాలి. రెండేళ్లకోసారి అనుమతి ఉన్న ఏజెన్సీతో క్వాలిటీ అస్యూరెన్స్ పరీక్షలు చేయించి రిపోర్టు పెట్టాలి. వీటన్నిటికీ ఆసుపత్రి తరఫున నిలబడేది రేడియోలాజికల్ సేఫ్టీ ఆఫీసర్, మనందరం ఆర్‌ఎస్‌ఓ అంటాం. ఆ ఆర్‌ఎస్‌ఓ తప్పనిసరిగా డాక్టరే కావాలని లేదు. అర్హత, అనుభవం ఉన్న టెక్నాలజిస్టును ఆసుపత్రి నామినేట్ చేస్తే ఏఈఆర్‌బీ చూసి ఆమోదిస్తుంది. ఆ ఆమోదం మీకు జేబులో పెట్టుకుని తిరిగే సర్టిఫికెట్ లాంటిది కాదు, ఆ ఆసుపత్రికి సంబంధించినది. ఉద్యోగం మారితే కొత్త చోట మళ్లీ నామినేషన్ పెట్టాల్సిందే.

మీ ఇన్‌చార్జ్ గారు రిటైర్ అవుతున్నారన్నారు కదా, మీ ఆసుపత్రిలో ఆర్‌ఎస్‌ఓ ఎవరో ఈరోజే కనుక్కోండి. ఆయనే అయితే, ఆయన వెళ్లిన మర్నాటి నుంచి ఆసుపత్రికి ఆర్‌ఎస్‌ఓ లేడు. యాజమాన్యానికి ఆ విషయం తట్టి ఉండకపోవచ్చు. మీరు వెళ్లి "సార్, ఆర్‌ఎస్‌ఓ మార్పు ఈ-లోరాలో ఇప్పుడే మొదలుపెట్టాలి, నా కాగితాలు సిద్ధంగా ఉన్నాయి" అంటే ఆ మాటకు డిగ్రీ కంటే ఎక్కువ విలువ ఉంటుంది. నేను ప్యానెల్‌లో ఉంటే అక్కడికక్కడే సగం మార్కులు వేసేస్తాను.

ఆర్‌ఎస్‌ఓ పనిలో అందరూ తేలిగ్గా తీసుకునేది టీఎల్‌డీ బ్యాడ్జీలు, అంటే మనకు ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే బ్యాడ్జీలు. మూడు నెలలకోసారి పాతవి పంపడం, కొత్తవి పంచడం అంతే కదా అనుకుంటారు. బ్యాడ్జి ఛాతీ మీద, లెడ్ ఏప్రాన్ లోపల పెట్టుకోవాలి. మిగతావాటితో పోల్చడానికి ఉంచే కంట్రోల్ బ్యాడ్జి రేడియేషన్ తగలని గదిలో ఉండాలి. చాలాచోట్ల అది ఎక్స్‌రే గదిలోనే మేకుకు వేలాడుతుంటుంది. కంట్రోల్ బ్యాడ్జి కూడా డోస్ తింటూ ఉంటే మిగతా అందరి లెక్కా తప్పుతుందని ఎవరికీ పట్టదు. నేను వెనకటికి పనిచేసిన ఒకచోట, ఎక్కువగా ఎంఆర్‌ఐలోనే ఉండే టెక్నీషియన్ రిపోర్టులో ఎవరికీ రానంత డోస్ వచ్చింది. ఎంఆర్‌ఐలో ఎక్స్‌రే కిరణాలే లేవు, మరి ఎలా వచ్చింది? లేబరేటరీ తప్పు అని ఉత్తరం రాసేద్దామని కొందరన్నారు. ఆ మూడు నెలల డ్యూటీ చార్టు తెప్పించి తేదీల వారీగా చూస్తే, అతను మధ్యలో కొన్ని రోజులు ఆర్థో ఆపరేషన్ థియేటర్‌లో సీ-ఆర్మ్‌కి, అంటే ఆపరేషన్ మధ్యలో వాడే ఎక్స్‌రే యంత్రం డ్యూటీకి వెళ్లాడు. ఏప్రాన్ జేబులో బ్యాడ్జి పెట్టి, డ్యూటీ అయ్యాక ఏప్రాన్‌ను సీ-ఆర్మ్ పక్కన స్టాండుకు తగిలించి వెళ్లిపోయాడు. డోస్ తిన్నది మనిషి కాదు, బ్యాడ్జి. ఈ సంగతి కాగితం మీద పెట్టి, అతనితో వాంగ్మూలం రాయించి, ఆర్‌ఎస్‌ఓ సంతకంతో పంపాకే ఆ ఫైలు మూసింది. డ్యూటీ చార్టు సరిగా లేని డిపార్ట్‌మెంట్ అయితే అది రుజువు చేయడం ఎవరి తరమూ కాదు.

పరిమితులు కూడా నోటికి వచ్చి ఉండాలి. మన దేశంలో రేడియేషన్ ఉద్యోగికి వరుసగా ఐదేళ్ల సగటు మీద ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ డోస్ కొలత), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. మామూలు ప్రజలకు ఏడాదికి 1. ఉద్యోగిని గర్భవతి అని తెలిపాక, ప్రసవం దాకా కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ మించకుండా చూడాలి. ఆ అమ్మాయిని ఎంఆర్‌ఐకో రిపోర్టుల కౌంటర్‌కో మార్చాల్సిన బాధ్యత ఇన్‌చార్జ్‌దే. "అందరూ చేస్తున్నారుగా" అనే మాట అక్కడ చెల్లదు.

ఎంఆర్‌ఐలో రేడియేషన్ లేదు, అయినా ఇన్‌చార్జ్‌కు ఎక్కువ భయం ఉండాల్సింది అక్కడే. 2018 జనవరిలో ముంబైలో ఒక ఆసుపత్రి ఎంఆర్‌ఐ గదిలోకి ఆక్సిజన్ సిలిండర్‌తో వెళ్లిన మనిషి ప్రాణం పోయింది. సిలిండర్ లోపలికి వెళ్లిందంటే తలుపు దగ్గర ఆపాల్సిన మనిషి ఆపలేదనే అర్థం. స్కాన్ లేని సమయంలో కూడా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుందని మన వార్డు బాయ్‌లకు, స్ట్రెచర్ వాళ్లకు, రాత్రి డ్యూటీ నర్సులకు ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, హాజరు సంతకాలు ఎక్కడున్నాయి అని, ఆసుపత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ వాళ్లు వచ్చినప్పుడు అడుగుతారు. ప్యానెల్లో నేనూ అడుగుతాను.

పుస్తకంలో ఉండే ప్రశ్నల పత్రంలో పేస్‌మేకర్, అన్యూరిజం క్లిప్ అని ఉంటుంది. మన దగ్గర ఇంకొన్ని కలుపుకోవాలి. మన ఆడవాళ్లు పసుపుతాడుకు నాలుగైదు పిన్నీసులు పెట్టుకుంటారు. "బంగారం తీసేశారా అమ్మా?" అని అడిగితే "తీసేశాను బాబూ" అంటారు. తాడు మాత్రం తీయరు, తీయమంటే కళ్లలో నీళ్లు పెట్టుకునేవాళ్లున్నారు. ఆ పిన్నీసులు ఇనుపవి. బంగారం కంటే ప్రమాదం వాటితోనే. మొలతాడుకు కట్టిన తాయెత్తు, కాళ్ల పట్టీలు, మెట్టెలు, జడలో పిన్నులు, అన్నీ పేరు పెట్టి అడగాలి. "మెటల్ ఏమైనా ఉందా?" అని అడిగితే లేదనే చెప్తారు, వాళ్ల దృష్టిలో అది మెటల్ కాదు మరి. మీ డిపార్ట్‌మెంట్ ప్రశ్నల పత్రం తెలుగులో ఈ పేర్లతో ఉందా? లేకపోతే ఇంటర్వ్యూ లోపు మీరే ఒకటి తయారుచేసి, మీ రేడియాలజిస్టు మేడంకో సార్‌కో చూపించి ఓకే చేయించుకోండి. ఇన్‌చార్జ్ పని ఎలా ఉంటుందో మీకు తెలుసని చూపడానికి ఇంతకంటే మంచి కాగితం ఉండదు.

సీటీలో ప్యానెల్ తప్పకుండా అడిగేది కాంట్రాస్ట్, అంటే బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు గురించి. రాత్రి రెండింటికి క్యాజువాలిటీ నుంచి ఫోన్ వస్తుంది, "పేషెంట్ వస్తున్నాడు, కాంట్రాస్ట్ సీటీ పొట్ట, కిడ్నీల క్రియాటినిన్ రిపోర్టు ఇంకా రాలేదు, సార్ చేసేయమన్నారు" అని. అప్పుడు ఒంటరిగా ఉన్న జూనియర్ ఏం చేయాలి? చాలామంది అభ్యర్థులు "నేను డాక్టర్‌తో మాట్లాడి కన్విన్స్ చేస్తాను" అంటారు. మీరు ఇంట్లో నిద్రపోతున్నారు కదండీ, జూనియర్ సంగతి చెప్పండి అంటాను. సరైన జవాబు, పగలే రేడియాలజిస్టు సంతకంతో రాసిపెట్టిన ప్రోటోకాల్ గోడ మీద ఉండటం. ప్రాణం మీదకు వచ్చిన కేసులో క్రియాటినిన్ కోసం ఆగక్కర్లేదు, కానీ ఆ మాట ఏ డాక్టర్ ఏ సమయానికి చెప్పారో రాసుకోవాలి. ఆగగలిగే కేసైతే రిపోర్టు రావాలి. కిడ్నీల పనితీరు చెప్పే ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువ ఉంటే రేడియాలజిస్టును నిద్ర లేపాలి, షుగర్ మందు మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారా అని కనుక్కోవాలి. ఇంతకుముందు కాంట్రాస్ట్‌తో దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చిందా అని పేషెంట్‌నీ, వెంట వచ్చినవాళ్లనీ ఇద్దరినీ అడగాలి. క్రాష్ కార్ట్‌లో అడ్రినలిన్ ఉందా, గడువు తేదీ ఎంత అనేది రోజూ ఎవరో ఒకరు చూసి సంతకం పెట్టాలి. రియాక్షన్ వచ్చినప్పుడు పెద్దవాళ్లకు తొడ కండరంలో 0.5 మిల్లీగ్రాములు అని అక్కడ పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. ఇచ్చేది డాక్టరో నర్సో అయినా, వెతుక్కునే పని లేకుండా చూసేది మనం.

ఇమేజ్ నాణ్యత దగ్గర ఆ బీఎస్సీ కుర్రాడు మీకంటే బాగా మాట్లాడొచ్చు, కాబట్టి ఇది చదువుకుని వెళ్లండి. ఫిల్ముల కాలంలో ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఫిల్మ్ నల్లబడి మన తప్పు మన కళ్ల ముందే కనిపించేది. డీఆర్, అంటే డిజిటల్ ఎక్స్‌రే వచ్చాక ఎంత ఎక్కువ ఇచ్చినా బొమ్మ అందంగానే వస్తుంది, ఇంకా నాయిస్ తగ్గి బాగుంటుంది కూడా. దాంతో ఎవరికి వాళ్లు "రిపీట్ రాకుండా" అని ఎంఏఎస్ (ఎక్స్‌రే మోతాదు సెట్టింగు) పెంచుకుంటూ పోతారు. దీన్ని పట్టుకునేది డిటెక్టర్‌కు ఎంత ఎక్స్‌రే తగిలిందో చెప్పే ఎక్స్‌పోజర్ ఇండెక్స్, అది ఉండాల్సినదానికి ఎంత తేడాగా ఉందో దాని పక్కనే చూపే డీవియేషన్ ఇండెక్స్. ఈ డీవియేషన్ ఇండెక్స్ సున్నా దగ్గర ఉండాలి. ప్లస్ మూడు చూపిస్తే కావాల్సినదానికి రెట్టింపు ఇచ్చినట్టు. మీ మెషీన్‌లో గత నెల ఛాతీ ఎక్స్‌రేలు ఒక వంద తీసి ఆ అంకెలు చూడండి, ఏ షిఫ్టులో ఎలా ఉన్నాయో తేలిపోతుంది. అలాగే డిలీట్ చేసిన బొమ్మల లెక్క. దాన్ని రిజెక్ట్ అనాలిసిస్ అంటారు. పొజిషనింగ్ తప్పా, ఊపిరి పూర్తిగా పీల్చలేదా, గొలుసు అడ్డొచ్చిందా, కదిలారా అని కారణం వారీగా విడదీస్తే నేర్పాల్సింది ఏంటో, ఎవరికో కనిపిస్తుంది. ఈ లెక్కను జూనియర్లను తిట్టడానికి వాడితే వచ్చే నెల నుంచి డిలీట్ చేసే ముందు కారణం కాలమ్‌లో అందరూ "పేషెంట్ కదిలాడు" అనే నొక్కుతారు, అది కూడా నేను చూశాను. సీటీలో రోజూ ఉదయం ట్యూబ్ వార్మప్, ఎయిర్ కాలిబ్రేషన్, వాటర్ ఫాంటమ్ (నీళ్లు నింపిన పరీక్ష డబ్బా) స్కాన్ చేసి నీటి విలువ సున్నా దగ్గర ఉందో లేదో రాసే రిజిస్టరు ఉందా? చాలాచోట్ల ఆ రిజిస్టరు ఆడిట్ ముందు రాత్రి ఒకే పెన్నుతో నింపుతారు. ఆడిట్‌కి వచ్చేవాళ్లకు ఆ ఇంకు తెలియదనుకుంటారు పాపం.

అల్ట్రాసౌండ్ మీ కింద ఉంటే లింగ నిర్ధారణను నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం ఉంటుంది. 1994 నాటిది, ఇప్పటికీ మన వృత్తిలో జైలు భయం నిజంగా ఉన్న చట్టం ఇది. గర్భిణికి స్కాన్ చేసేది రిజిస్టరైన డాక్టరే, టెక్నీషియన్ ప్రోబ్ ముట్టకూడదు, ఎవరు ఎంత తొందర పెట్టినా సరే. గర్భిణి స్కాన్ వివరాలు రాసే ఫారం ఎఫ్ స్కాన్ చేసినప్పుడే నిండాలి, ప్రతి నెలా రిపోర్టు మరుసటి నెల 5వ తేదీలోపు వెళ్లాలి, రికార్డులు కనీసం రెండేళ్లు ఉంచాలి. యంత్రాన్ని గది మార్చాలన్నా ముందు కాగితం కదలాలి.

ఇక మనుషుల సంగతి. ఇన్‌చార్జ్ జీవితంలో సగం ఇదే, ఏ కోర్సులోనూ చెప్పరు. మీది విజయవాడ వైపు కాబట్టి సంక్రాంతి వస్తే తెలుస్తుంది. పన్నెండు మంది టెక్నీషియన్లలో పదిమందికి భోగి రోజు సెలవు కావాలి. అందరికీ ఊళ్లున్నాయి, అందరికీ కొత్త అల్లుడో కొత్త కోడలో ఉంది. ఆ వారం డ్యూటీ చార్టు డిసెంబర్‌లోనే వేసి, కిందటేడు ఎవరు ఉండిపోయారో వాళ్లకు ఈసారి ముందు సెలవిచ్చి, దసరాకు ఎవరు వెళ్లారో చూసుకుని, గోడ మీద అంటించేసిన ఇన్‌చార్జ్ మాట మిగతా ఏడాదంతా చెల్లుతుంది. ఎవరికీ చెప్పకుండా తన దగ్గరివాడికి సర్దుబాటు చేసినవాడి మాట ఉగాది దాకా కూడా నిలబడదు. మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఇప్పటిదాకా కలిసి టీ తాగినవాళ్ల మీదే మీరు అధికారిగా కూర్చుంటారు. ఆ బీఎస్సీ కుర్రాడు కూడా మీ కిందే పనిచేస్తాడు. పోస్టు మీకొస్తే క్వాలిటీ అస్యూరెన్స్, ప్రోటోకాల్ పనులు అతనికి అప్పగించే ఆలోచన ఉందని ఇంటర్వ్యూలోనే చెప్పండి. ప్యానెల్‌కు మీరిద్దరూ ఉండాలనే ఉంటుంది. ఓడినవాడు రాజీనామా పెట్టి పోతాడేమోనని వాళ్ల భయం.

యంత్రం ఆగిపోయినప్పటి ప్రశ్న కూడా ఖాయం. మే నెలలో ఏసీ సరిగా లేక సీటీ ట్రిప్ అయింది, ఇంజినీరు హైదరాబాద్ నుంచి రావాలి, ఈలోపు స్ట్రోక్ పేషెంట్ అంబులెన్సులో ఉన్నాడు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణాలు మొదలైనప్పటి నుంచి 4.5 గంటలే టైము. ముందు క్యాజువాలిటీకీ న్యూరో డాక్టర్‌కీ ఫోన్, తర్వాతే కంపెనీకి. పేషెంట్‌ను దగ్గర్లో సీటీ పనిచేస్తున్న ఆసుపత్రికి మళ్లించే ఏర్పాటు ముందే రాతపూర్వకంగా ఉండాలి. ఆ తర్వాత ఎన్ని గంటలకు ఆగింది, ఎన్ని గంటలకు కాల్ లాగ్ అయింది, ఇంజినీరు ఎప్పుడు వచ్చాడు అని రాసిపెడితేనే ఏడాది చివర యంత్రం నిర్వహణకు సీఎంసీ కాంట్రాక్టు మాట్లాడేటప్పుడు బయోమెడికల్ వాళ్ల చేతిలో ఏదైనా ఉంటుంది. ఆరోగ్యశ్రీ లాంటి పథకాల కేసులుంటే స్కాన్ బొమ్మలు, రిపోర్టులు క్లెయిమ్‌కు జతపడకపోతే డబ్బులు ఆగుతాయి, ఆ ఫోన్లు కూడా మీకే వస్తాయి. స్కాన్ బొమ్మలు దాచి చూపే ప్యాక్స్ సాఫ్ట్‌వేర్ వాడకం బాగా తెలిసి ఉండాలి. ఒకే పేషెంట్‌కు రెండు ఐడీలు పడితే ఎలా కలపాలో, పేరు తప్పు పడితే ఎవరి అనుమతితో మార్చాలో తెలియనివాళ్లు ఇన్‌చార్జ్‌గా చాలా అవస్థ పడతారు.

గల్ఫ్ ఆలోచన ఉంటే ఒక మాట. అక్కడి లైసెన్సులకు ప్రోమెట్రిక్ పరీక్ష, డేటాఫ్లో వాళ్ల సర్టిఫికెట్ల తనిఖీ ఉంటాయి, బ్రిటన్‌కైతే అక్కడి వృత్తి నమోదు సంస్థ హెచ్‌సీపీసీలో రిజిస్ట్రేషన్. అటు వెళ్లేవాళ్లకు డిగ్రీ విలువ ఇక్కడికంటే ఎక్కువ. అదే మీ లక్ష్యమైతే రెగ్యులర్ బీఎస్సీ గురించి పైన చెప్పినదాన్ని మళ్లీ ఆలోచించుకోండి. అనుభవ పత్రంలో "సీనియర్ టెక్నీషియన్" అని ఊరికే కాకుండా ఏ యంత్రం మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని రాయించుకోండి, తర్వాత తిరగక్కర్లేకుండా.

ఇంటర్వ్యూకి వెళ్లేముందు యాజమాన్యాన్ని అడగాల్సినవి మీకూ ఉన్నాయి. పోస్టు పేరు కాగితం మీద ఏముంటుంది? నైట్ డ్యూటీలు ఆగుతాయా, లేక ఇన్‌చార్జ్ పని అదనంగా మీద పడుతుందా? ఆర్‌ఎస్‌ఓ బాధ్యతకు విడిగా అలవెన్సు ఉందా? యంత్రం ప్రమాదకరంగా ఉందనిపిస్తే స్కానులు ఆపే అధికారం మీకుందా, ఉంటే అది రాసి ఇస్తారా? చివరి ప్రశ్నకు "అవన్నీ తర్వాత చూద్దాం" అన్నారంటే, సంతకం పెట్టేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఏఈఆర్‌బీ ఇన్‌స్పెక్షన్‌లో ఆర్‌ఎస్‌ఓగా పిలిచేది మీ పేరునే.